శాఖల సమన్వయం: కమిటీ వేయాలా, ఉమ్మడి నిధి పెట్టాలా?

ఆరోగ్యం ఒక్క ఆరోగ్య శాఖ చేతిలో లేదని 1978లోనే ప్రాథమిక ఆరోగ్యంపై జరిగిన అంతర్జాతీయ సదస్సు ఇచ్చిన ఆల్మా-ఆటా ప్రకటన చెప్పింది. వ్యవసాయం, విద్య, గృహవసతి కూడా కలిసి రావాలి. ఎలా కలపాలన్నదే చిక్కు. శాఖల అధికారులతో కమిటీ వేయడం ఒక దారి, శాఖలన్నీ వాటా వేసే ఉమ్మడి నిధి ఇంకో దారి.

ఖర్చు: కమిటీకి ఒక ఉత్తర్వు చాలు. నిధికైతే ఆర్థిక శాఖ అనుమతి, ప్రత్యేక పద్దు, ఆడిట్ ఎవరిదో తేల్చే ఒప్పందం కావాలి.

శ్రమ: నిధికి మొదట్లో, కమిటీకి చివరిదాకా.

రిస్కు: కమిటీ మొదటి సమావేశం ఉన్నతాధికారులతో కళకళలాడుతుంది. మూడోదానికి వచ్చే కిందిస్థాయి అధికారి "పైవాళ్లతో మాట్లాడి చెబుతా" అంటాడు. డెంగీనే చూడండి. దాన్ని వ్యాపింపజేసే ఈడిస్ దోమకు గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం పది రోజులే, సమావేశమేమో నెలకోసారి. తవ్విన గుంత రోడ్ల శాఖది, కారే పైపు నీటి శాఖది, జ్వరాల లెక్క మాత్రం ఆరోగ్య శాఖది! ఉమ్మడి నిధి ఉంటే గుంత పూడ్చే బిల్లుకు ఒక్కో శాఖ అనుమతీ విడిగా అడగక్కర్లేదు. కానీ ఒక శాఖ అలిగి వాటా ఆపిందంటే పని అక్కడే ఆగుతుంది.

ఏది ఎప్పుడు: పొగాకు పన్నులాంటి ఒక్కసారి నిర్ణయాలకు కమిటీ సరిపోతుంది, మినిట్స్‌లో (సమావేశ నిర్ణయాల నమోదులో) బాధ్యుడి పేరూ గడువూ ఉంటేనే. ఏళ్లతరబడి సాగే పారిశుద్ధ్యం, దోమల నివారణకు నిధే నయం.