ఉదయగిరి పిల్లలకిచ్చే పాత కంప్యూటర్లో విండోసా, లినక్సా?

నెల్లూరు, కావలి బడుల్లో పక్కన పడేసిన డెస్క్‌టాప్‌లను బాగుచేసి ఉదయగిరి మెట్ట ఊళ్ల పేద పిల్లలకు ఇవ్వాలంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే: కంప్యూటర్‌ను నడిపే విండోస్‌నే ఉంచాలా, దాని బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేయాలా.

విండోస్ 10 అలాగే ఉంచితే డీటీపీ షాపుల్లో తెలుగు టైపింగ్‌కు వాడే అను ఫాంట్లు చక్కగా నడుస్తాయి. ఇది చిన్న లాభం కాదు, చాలామందికి మొదటి పని దొరికేది అక్కడే. కానీ 2025 అక్టోబర్ 14తో దాని మామూలు సపోర్ట్ (ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు) ఆగిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, పాత మదర్‌బోర్డుల్లో చాలావాటికి అది లేదు.

లినక్స్‌లో తేలికైన రకం లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ. అది 2 జీబీ ర్యామ్‌తోనూ నడుస్తుంది, 4 ఉంటే హాయి. లైసెన్స్ టెన్షన్ లేదు. వర్డ్, ఎక్సెల్ లాంటి పనులకు వాడే లిబ్రేఆఫీస్ మెనూలు తెలుగులోనే పెట్టుకోవచ్చు. కివిక్స్ అనే ఆఫ్‌లైన్ రీడర్‌లో తెలుగు వికీపీడియా ముందే ఎక్కించి ఇస్తే నెట్ లేని ఇంట్లోనూ పిల్లలు చదువుకుంటారు. నా ఓటు దీనికే.

ఏది వేసినా మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బిళ్ల సెల్ మాత్రం మార్చి ఇవ్వండి. అది అయిపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది, తేదీ తప్పడంతో చాలా వెబ్‌సైట్లు తెరుచుకోవు. పాపం, పిల్లాడు కంప్యూటరే పాడైందనుకుని మూలన పెట్టేస్తాడు.