చెవికి శిక్షణ ఇచ్చే యాప్: 5 నెలల తర్వాత

"సంగీతం పుట్టుకతో రావాలి, నీకు శ్రుతి లేదు" అని చిన్నప్పుడే నన్ను పక్కన కూర్చోబెట్టారు. 43 ఏళ్ళకి ఈ యాప్ పెట్టుకున్నాను, రోజూ 20 నిమిషాలు. రెండు స్వరాలు వినిపిస్తుంది, వాటి మధ్య దూరం మనం చెప్పాలి. మొదటి వారం పదికి నాలుగే సరైనవి. స–మ, స–ప తేడా కూడా తెలిసేది కాదు. ఇప్పుడు తొమ్మిది. తప్పు చెప్పిన వెంటనే అసలు జతా, నేను అనుకున్న జతా రెండూ పక్కపక్కన మళ్ళీ వినిపిస్తుంది, నాకు పట్టు దొరికింది అక్కడే. లయ పాఠాలు మాత్రం పేలవం.

జపాన్‌లో 2 నుంచి 6 ఏళ్ళ పిల్లలు 24 మందికి నేర్పితే, చివరిదాకా ఉన్న 22 మందీ ఆధార స్వరం (పోల్చుకోవడానికి ముందు వినిపించే స్వరం) లేకుండానే స్వరాలు గుర్తుపట్టారు. నాకు ఆ వయసు దాటిపోయింది, ఆధారం లేకుండా చెప్పలేను. కానీ నిన్న మా అమ్మాయి కూనిరాగం తీస్తుంటే నిషాదం (‘ని’ స్వరం) ఎక్కడ జారిందో నాకు వినిపించింది.