అందరి నాటకశాలలో శిక్షణ: తరగతి బలం, ప్రదర్శన భారం

పగలు ఎవరి ఉద్యోగాలు, వ్యాపకాలు వారు చూసుకుని, సాయంత్రాలు నాటకం మీద మమకారంతో ఒకచోట చేరేవారు నడుపుకునే రంగస్థల సంస్థలే కమ్యూనిటీ థియేటర్లు. వీటిలో చాలా సంస్థలు ఇప్పుడు నాటకాలు ఆడటంతో సరిపెట్టుకోకుండా శిక్షణను కూడా ఒక ప్రధాన సేవగా అందిస్తున్నాయి. పిల్లలకు వారాంతపు తరగతులు, కౌమార వయస్కులకు నాటక కోర్సులు, పెద్దలకు తెర వెనుక పనుల మీద వర్క్‌షాపులు, పాఠశాలలకు వెళ్లి చేసే కార్యక్రమాలు ఇందులో భాగం. మా అమ్మాయి చేరిన సంస్థలో పిల్లల తరగతిని దగ్గరుండి చూశాను, తెర వెనుక పనుల తరగతిలో నేనే విద్యార్థిగా చేరాను, మిగిలినవాటిని అనుమతి తీసుకుని వెనుక వరుసలో కూర్చుని గమనించాను. ఒక్కో తరగతి ఒక్కో స్థాయిలో ఉన్నందువల్ల సంస్థ మొత్తానికి ఒకే మార్కు వేయడం న్యాయం కాదని నా అభిప్రాయం. అయితే ఆ తేడాలన్నిటికీ మూలం ఒకటే: చివర జరగబోయే ప్రదర్శన తరగతి సమయంలో ఎంత భాగాన్ని తినేస్తోంది అన్నది.

ఈ సంస్థ అందించేవాటిలో పిల్లల తరగతే అత్యుత్తమమని నిస్సంకోచంగా చెప్పగలను. మొదటి కొన్ని వారాలు పిల్లల చేతికి స్క్రిప్టు ఇవ్వరు. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి, ఒకరు ఎలా కదిలితే రెండోవారు అద్దంలో ప్రతిబింబంలా అలాగే కదలమంటారు. కాసేపటికి వంతులు మార్చుతారు. ఆ తర్వాత ఎవరు ముందు కదులుతున్నారో, ఎవరు అనుసరిస్తున్నారో చూసేవారికి తెలియనంతగా ఇద్దరూ ఒకరినొకరు గమనించుకుంటూ సాగమంటారు. మరో ఆటలో, లేని బంతిని వలయంగా నిలబడి ఒకరి నుంచి ఒకరికి విసురుకుంటుంటే, ఆట ఆపకుండానే టీచరు పక్క నుంచి "బంతి బరువెక్కింది" అనో, "ఇప్పుడు దూదిలా తేలికైపోయింది" అనో అందిస్తూ ఉంటారు. మరుక్షణమే పిల్లల భుజాలు కుంగుతాయి, మోకాళ్లు వంగుతాయి, చూపు బంతి వెంట వెళుతుంది. ఆట అయ్యాక చూస్తూ కూర్చున్న పిల్లలను "బాగా చేశారా?" అని అడగరు, "బంతి కనిపించిందా?" అని అడుగుతారు. ఈ ఒక్క ప్రశ్నలోనే ఆ టీచరు పనితనమంతా ఉంది. మెప్పు కోసమో, తిట్లకు భయపడో చేసే నటనను పక్కనపెట్టి, కళ్లముందున్న పని మీద మనసు నిలపడం పిల్లలు అలవరచుకునేది ఇక్కడే.

ఈ పద్ధతికి మూలపురుషులను వెతికితే మనకు ఎదురయ్యేది ఒక స్త్రీ, వయోలా స్పోలిన్. ఆమె 1920లలో చికాగోలోని హల్ హౌస్ అనే సేవాసంస్థలో నీవా బోయ్డ్ అనే ఉపాధ్యాయురాలి దగ్గర ఆటల ద్వారా బోధించే విధానం నేర్చుకున్నారు. 1930ల చివర, ఆర్థికమాంద్యం నాటి ప్రభుత్వ ఉపాధి పథకం కింద అదే నగరంలో నాటక కార్యక్రమాలను పర్యవేక్షిస్తున్నప్పుడు, వేర్వేరు దేశాల నుంచి వలస వచ్చిన, వేర్వేరు భాషలు మాట్లాడే కుటుంబాల పిల్లలకు, పెద్దలకు నాటకం నేర్పవలసి వచ్చింది. ఉపన్యాసాలతో అందని విషయాన్ని ఆటలతో అందించడం అక్కడ మొదలైంది. ఆ ఆటలన్నిటినీ గుదిగుచ్చి ఆమె 1963లో పుస్తకంగా వెలువరించారు. ఆమె కుమారుడు పాల్ సిల్స్ 1959లో మరికొందరితో కలిసి చికాగోలో స్థాపించిన సెకండ్ సిటీ అనే ఆశునాటక సంస్థకు కూడా ఈ ఆటలే పునాది. వృత్తినటులు తర్వాత అందిపుచ్చుకున్న ఈ విద్య పుట్టింది మామూలు ఇరుగుపొరుగు జనం కోసం నడిచిన కేంద్రాల్లోనే. కాబట్టి కమ్యూనిటీ థియేటర్లు తమ పిల్లల తరగతులను ఈ ఆటల మీద నిలబెట్టినప్పుడు, తమకు న్యాయంగా సంక్రమించిన ఆస్తినే వాడుకుంటున్నాయని నేను నమ్ముతాను.

కౌమార వయస్కుల కోర్సు దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి మారిపోతుంది. ఇక్కడ ప్రారంభంలోనే స్క్రిప్టు పంచుతారు, వెంటనే పాత్రలు నిర్ణయిస్తారు, ఆపై కోర్సు ముగిసేదాకా రిహార్సలే. ప్రధాన పాత్రలు దక్కిన నలుగురైదుగురు పూర్తి సమయం పని చేస్తుంటే, గుంపులో నిలబడే మిగిలినవారు తమ ఒక్క ప్రవేశం కోసం గోడవారగా కూర్చుని ఎదురుచూస్తూ ఉంటారు. తరగతి నడపవలసిన ఉపాధ్యాయుడు దర్శకుడిగా మారిపోతారు, ప్రదర్శన తేదీ దగ్గరపడేకొద్దీ "ఈ మాట ఎందుకు అంటున్నావు?" అని అడగవలసిన చోట "గట్టిగా చెప్పు, ఎడమకు జరుగు" అనడం తప్ప మరో దారి ఉండదు. ఆయన సమర్థతను నేను శంకించడం లేదు, చాలా మంచి నటుడు. కానీ వందమందికి వినబడేలా, తప్పుల్లేకుండా నాటకాన్ని గట్టెక్కించడం ఒక పని, పదిహేనేళ్ల పిల్లకు ఒక పాత్ర మనసులోకి వెళ్లే దారి చూపించడం మరొక పని. ఒకే గంటలో ఆ రెండూ చేయమంటే మొదటిదే గెలుస్తుంది, ఎందుకంటే దానికి తేదీ ఉంది.

సంస్థ వైపు నుంచి చూస్తే దీనికి కారణాలు లేకపోలేదు. స్వచ్ఛంద సంస్థకు హాలు అద్దె, దీపాల నిర్వహణ, రచయితకు చెల్లించవలసిన ప్రదర్శన హక్కుల రుసుము వంటి ఖర్చులు తప్పవు. పిల్లల నాటకానికి తల్లిదండ్రులు, బంధువులు కొనే టికెట్లు ఆ ఖర్చులో కొంత తీరుస్తాయి. పైగా, డబ్బు కట్టిన తల్లిదండ్రులు తమ పిల్లలు ఏం నేర్చుకున్నారో కళ్లారా చూడాలనుకోవడం సహజం, దాన్ని చూపడానికి వేదిక కంటే సులువైన మార్గం లేదు. ఈ ఒత్తిడికి తల్లిదండ్రులుగా మనమూ బాధ్యులమే. అయినా దారులు ఉన్నాయి. ఒకే నాటకానికి రెండు బృందాలను సిద్ధం చేసి పాత్రలను మార్చుకోవచ్చు. ప్రచురితమైన నాటకం బదులు పిల్లలే అంశాన్ని ఎంచుకుని, ఆశువుగా ఆడుతూ, అందులోంచి సన్నివేశాలు ఏర్చుకుని, అందరికీ సమానమైన పని ఉండే నాటకాన్ని కూర్చుకోవచ్చు. దీనికి హక్కుల రుసుము కూడా ఉండదు. దీపాలు, దుస్తుల హంగామా లేకుండా తరగతి గదిలోనే కుటుంబసభ్యులను కూర్చోబెట్టి జరుగుతున్న పనిని చూపించడం అన్నిటికంటే చవకైనది, నా దృష్టిలో అన్నిటికంటే నిజాయితీ గలది.

ఈ కోర్సులోనే ఒక అతిథి ఉపాధ్యాయురాలు నడిపిన తరగతి మాత్రం నా మనసులో నిలిచిపోయింది. ఆమె లోపలికి వస్తూనే, వరదలో చిక్కుకున్న ఊరి పెద్దగా మాట్లాడటం మొదలుపెట్టి, అక్కడున్న పిల్లలందరినీ సహాయక బృందానికి చెందిన నిపుణులుగా సంబోధించి, ఉన్న రెండు పడవల్లో ముందు ఎవరిని తరలించాలో సలహా చెప్పమని అడిగారు. అంతకుముందు గోడవారగా కూర్చునే పిల్లలే లేచి పటం గీశారు, వాదించుకున్నారు, తమ నిర్ణయానికి కారణాలు చెప్పారు. ఉపాధ్యాయుడే పాత్రలో ప్రవేశించే ఈ పద్ధతిని, పిల్లలకు నిపుణుల హోదా ఇచ్చి పని అప్పగించే విధానాన్ని అభివృద్ధి చేసినవారు ఇంగ్లండ్‌కు చెందిన డొరతీ హీత్‌కోట్ (1926–2011). పద్నాలుగేళ్ల వయసులోనే ఉన్ని మిల్లులో కార్మికురాలిగా చేరి, తర్వాత నాటక విద్యలో ప్రపంచం గుర్తించిన గురువుగా ఎదిగిన మనిషి ఆమె. ఆ తరగతిలో ప్రేక్షకులు లేరు, వేదిక లేదు, నాటకం మాత్రం సంపూర్ణంగా ఉంది. ఇటువంటి తరగతిని ఏదో ఒక వారానికి పరిమితం చేయడం సంస్థ తన దగ్గరున్న మేలైన వనరును వాడుకోకపోవడమే.

తెర వెనుక పనుల తరగతికి ప్రచారం తక్కువ. కరపత్రంలో చివరి పంక్తిలో తప్ప కనిపించదు. కానీ పెద్దలకు ఇంతకంటే మంచి శిక్షణను నేను చూడలేదు. మొదట నేర్పేది భద్రత: నిచ్చెనను ఎవరు పట్టుకోవాలి, వేలాడే ప్రతి దీపానికి రెండో గొలుసు ఎందుకు ఉండాలి, చీకట్లో నటులు మెట్టు తప్పకుండా అంచుల వెంట మెరిసే టేపు ఎక్కడెక్కడ అంటించాలి, తెరలు త్వరగా అంటుకోకుండా వాటికి ఏ రకమైన పూత ఉండాలి. ఆ తర్వాత లైటింగ్. యేల్ విశ్వవిద్యాలయంలో బోధించిన స్టాన్లీ మెక్‌కాండ్లెస్ 1932లో ప్రతిపాదించిన పద్ధతితో మొదలుపెట్టారు: నటుడి ముఖానికి ఎదురుగా, ఇరువైపుల నుంచీ 45 డిగ్రీల కోణంలో, పైనుంచీ 45 డిగ్రీల కోణంలో రెండు దీపాలు. ఒకదానికి వెచ్చని రంగు, రెండోదానికి చల్లని రంగు. ఒక్క దీపాన్ని నేరుగా ఎదుట పెట్టినప్పుడు చదునుగా, పలకలా కనిపించిన మనిషి ముఖం, ఈ రెండు దీపాలూ వెలగగానే ముక్కు, చెంప, కనుబొమల లోతులతో సజీవంగా లేచి నిలబడటం స్వయంగా చూశాక, ఇక ఏ నాటకాన్నీ పాత కళ్లతో చూడలేము.

రంగస్థల నిర్వాహకుడి పని నేర్పిన విధానం మరీ బాగుంది. స్క్రిప్టు ప్రతి పేజీకి ఎదురుగా ఖాళీ కాగితం చేర్చి కుట్టిన పుస్తకంలో, ఎవరు ఏ మాట దగ్గర ఎటు నడుస్తారో పెన్సిలుతో గుర్తు పెట్టడం, దీపాలకూ శబ్దాలకూ విడివిడిగా సంకేతాల సంఖ్యలు వేయడం, ప్రదర్శన సమయంలో ముందుగా "సిద్ధం" అని హెచ్చరించి, సరిగ్గా ఆ క్షణంలో "గో" అనడం, అంతకుముందు మాటల్లో ఎక్కడా పొరపాటున కూడా ఆ చివరి మాట వాడకపోవడం అన్నీ చేయించి చూపారు. పెన్సిలే ఎందుకంటే రిహార్సల్లో ప్రతిదీ మారుతుంది. అభినయం తమకు చేతకాదనుకుని నాటకానికి దూరంగా ఉండిపోయినవారు, సిగ్గరులు, లెక్కలు వేసే అలవాటున్నవారు, చేతిపనులంటే ఇష్టమున్నవారు ఈ తరగతిలో తమ చోటు తాము కనుక్కోవడం చూశాను. ఇక్కడ ప్రదర్శన భారం కాదు, పాఠమే అది. సంస్థ ఆడే నాటకానికే విద్యార్థులు పనిచేస్తారు కాబట్టి నేర్చుకున్నది అదే వారం అక్కరకొస్తుంది. ఒక లోపం లేకపోలేదు. ధ్వని విభాగాన్ని మొక్కుబడిగా ముగించారు.

పాఠశాలలకు వెళ్లే కార్యక్రమం నన్ను నిరాశపరిచింది. ఇంగ్లండ్‌లోని కొవెంట్రీ నగరంలో బెల్‌గ్రేడ్ థియేటర్ 1965లో నటులూ ఉపాధ్యాయులూ అయిన బృందాన్ని బడులకు పంపడం మొదలుపెట్టినప్పుడు, పిల్లలను కథలో భాగస్వాములను చేయడం ఆ పనికి ప్రాణంగా ఉండేది. నేను చూసిన బృందం మాత్రం ఆరోగ్యకరమైన అలవాట్ల మీద ఒక చిన్న నాటిక ఆడి, చప్పట్లు కొట్టించుకుని, రెండు ప్రశ్నలు అడిగి వెళ్లిపోయింది. ఇదే సంస్థలో మరో బృందం తోటి పిల్లల వేధింపు అనే అంశం మీద, బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోల్ 1970లలో రూపుదిద్దిన ఫోరమ్ థియేటర్ పద్ధతిలో చేసిన ప్రయోగంతో దాన్ని పోల్చి చూడండి. వేధింపునకు గురైన అబ్బాయి ఓడిపోయేదాకా సన్నివేశాన్ని ఒకసారి ఆడి, మళ్లీ మొదటి నుంచి ఆడుతూ, చూస్తున్న పిల్లల్లో ఎవరైనా "ఆపండి" అని లేచి ఆ అబ్బాయి స్థానంలోకి వచ్చి తాము ఏం చేసేవారో చేసి చూపమన్నారు. వేధించేవాడిని మార్చడానికి వీల్లేదు, అతను అలాగే ఉంటాడు. ఒకరు ఎదిరించారు, ఒకరు పక్కనున్న స్నేహితుణ్ని పిలిచారు, ఒకరు టీచరు దగ్గరికి వెళ్లారు. ఒక్కో ఉపాయం ఎక్కడిదాకా పనిచేసి ఎక్కడ విఫలమైందో అందరూ చర్చించారు. నాటిక ఆడిన బృందానికి ప్రయాణపు ఖర్చు పెట్టే బదులు, అదే ఖర్చుతో ఈ రెండో బృందాన్ని మరిన్ని బడులకు పంపితే బాగుంటుంది.

పిల్లల రక్షణ విషయంలో సంస్థ శ్రద్ధ సంతృప్తికరంగా ఉంది. ఏ గదిలోనూ పిల్లలతో ఒక్కరే పెద్దవారు ఉండరు, ఇంటికి పంపేటప్పుడు పేరు రాసిచ్చిన వ్యక్తికే అప్పగిస్తారు, ఒకరినొకరు తాకవలసిన అభ్యాసాలకు ముందు అడుగుతారు, వద్దన్న పిల్లలకు మరో పని ఇస్తారు. రుసుము కట్టలేనివారికి రాయితీ ఉందిగానీ, ఆ సంగతి అడిగితే తప్ప చెప్పరు. దరఖాస్తు పత్రం మొదటి పేజీలోనే రాస్తే, అడగడానికి మొహమాటపడే కుటుంబాలు కూడా పిల్లలను పంపగలుగుతాయి.

చేరాలనుకునేవారు పిల్లల తరగతిలోనూ తెర వెనుక పనుల తరగతిలోనూ నిశ్చింతగా చేరవచ్చు. కౌమార వయస్కుల కోర్సుకు డబ్బు కట్టే ముందు మాత్రం, మొత్తం గంటల్లో రిహార్సలుకు పోయేవి ఎన్ని, అభ్యాసాలకు మిగిలేవి ఎన్ని, చిన్న పాత్ర వచ్చిన విద్యార్థి ఆ మిగతా సమయంలో ఏం చేస్తారు అన్న ప్రశ్నలు అడిగి సమాధానం తీసుకోవాలి. ప్రతి కోర్సు వివరాలతో పాటే ఈ లెక్కను కూడా ముద్రించమని నిర్వాహకులకు లిఖితపూర్వకంగా విన్నవించాను. మిగతా తల్లిదండ్రులు కూడా అడిగితే వచ్చే విడత కరపత్రంలోనే అది కనిపించే అవకాశం ఉంది.