ఫ్రాన్స్‌లో రొకమదూర్: ఒక పూట కాదు, ఒక రాత్రి ఉండి రండి

మాది తిరుపతి. మా అక్కా బావా టూలూజ్‌లో ఉంటారు, పోయిన జులైలో అమ్మను తీసుకోని వాళ్ల దగ్గరికి పోయినప్పుడు రెండ్రోజులు రొకమదూర్ అని ఒక పాత కొండ ఊరు చూసొచ్చినాం. టూలూజ్ నుంచి ఉత్తరంగా కార్లో రెండు గంటల దారి. పిల్లల దగ్గరికని యూరప్ పోయే అమ్మానాన్నలు మన పక్క చాలామంది ఉండారు, అందరూ పారిస్ చూసి వచ్చేస్తారు, వాళ్ల కోసమే ఇంత వివరంగా రాస్తా ఉండా.

ఊరు ఎట్లుంటుందంటే, కింద ఆల్జూ అని చిన్న ఏరు, మేం పోయినప్పుడు చుక్క నీళ్లు లేవు, దాని మీద నిట్టనిలువుగా సున్నపురాయి కొండ, ఆ కొండకి అతుక్కోని ఒకే ఒక వీధి. ఏటి మీద ఇళ్లు, ఇళ్ల మీద గుళ్లు, గుళ్ల మీద బండలు, బండ మీద కోట అని అక్కడోళ్లకి ఒక సామెత ఉందంట, ఎదురుగా నిలబడి చూస్తే అచ్చం అట్లే ఉంది. ఊళ్లో ఉండే జనం 600 పైచిలుకు, ఎండాకాలం పగలు మాత్రం వీధిలో కాలు పెట్టే సందుండదు.

ఇది మధ్యయుగాల నుంచి క్రైస్తవుల యాత్రాస్థలం. 1166లో గుడి వాకిట్లో సమాధి తవ్వుతుంటే చెక్కుచెదరని శవం ఒకటి బయటపడిందంట, అది అమదూర్ అనే సాధువుదని నమ్మి జనం రావడం మొదలుపెట్టినారు. ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీ కూడా 1244లో వచ్చినాడు. ఊరి వీధిలో నుంచి గుళ్లకి పోయేదానికి 216 మెట్లు. పాతకాలంలో ఈ మెట్లు మోకాళ్ల మీద ఎక్కేవాళ్లు, ఇప్పటికీ అట్లా ఎక్కేవాళ్లు ఉండారు అని బావ చెప్పంగానే అమ్మ ఆగిపోయింది. మన మోకాళ్ల మెట్టు ఇక్కడ కూడా ఉందా పాపా అనింది. పెరటాసి నెలలో (సెప్టెంబర్-అక్టోబర్) ఏటా అలిపిరి నుంచి తిరుమల కొండకి నడిచే మనిషి, ఈ రెండేళ్లుగా మోకాళ్ల నొప్పితో పోలేకపోతా ఉంది. వంగి మొదటి మెట్టును తాకి కళ్లకద్దుకునింది. ఆ రాళ్లు మధ్యలో బాగా అరిగిపోయి గుంటలు పడి ఉండాయి, అమ్మ ఆ గుంటలో అరచెయ్యి ఆనించి చాలాసేపు అట్లే పెట్టింది. పక్కన ఒక పెద్దావిడ తువ్వాలు మడతబెట్టి మెట్టు మీద వేసుకోని, దాని మీద మోకాలు ఆనించి, తువ్వాలు తీసి మళ్లీ పై మెట్టు మీద వేసుకుంటా ఎక్కుతా ఉంది. అమ్మను చూసి నవ్వింది. ఇద్దరికీ భాష రాదు.

మోకాళ్ల నొప్పులున్నోళ్లు భయపడద్దండి, లిఫ్టులుండాయి. వీధి నుంచి గుళ్ల దాకా ఒకటి, గుళ్ల దగ్గర్నుంచి పైన కోట దాకా ఏటవాలుగా పోయేది ఇంకొకటి. టికెట్లు వేరువేరు. అమ్మ మాత్రం లిఫ్టు వద్దనింది, ఆగుతా ఆగుతా ముప్పావుగంటలో ఎక్కేసింది.

పైన ఒకే చిన్న వాకిలి చుట్టూ ఏడు గుళ్లు, చాలావరకు బండను ఆనుకొనే కట్టేసినారు. ముఖ్యమైంది మేరీమాత గుడి. 1476లో పైనుంచి బండ పడి అది కూలిపోతే మళ్లీ కట్టినారంట. లోపల మేరీమాత బొమ్మ నల్లగా ఉంటుంది, వాల్‌నట్ చెక్కతో చేసింది, 12వ శతాబ్దం నాటిదంటారు, ఎత్తు రెండడుగులు చిల్లర అంతే. రాజులు ఇంత దూరం వచ్చింది ఇంత చిన్న బొమ్మకా అని నాకు ఆశ్చర్యం వేసింది, అమ్మకేమో అసలు ఆశ్చర్యమే లేదు, మన స్వామి కూడా నల్లన్నే కదా అనింది. పైకప్పు నుంచి చిన్న చిన్న ఓడ బొమ్మలు వేలాడతా ఉంటాయి, ఒక పాత ఇనుప గంట కూడా ఉంది. సముద్రంలో ఓడ మునిగిపోయే టైములో నావికులు ఈ తల్లిని తలుచుకుంటే ఇక్కడ గంట దానంతటదే మోగేదని కథ. వాళ్లు బతికి బయటపడి ఇంత దూరం నడిచొచ్చి మొక్కు తీర్చుకునేవాళ్లంట. ఆ బొమ్మల కింద కూర్చున్న పది నిమిషాలే మొత్తం ట్రిప్‌లో నాకు ఎక్కువ నచ్చింది.

రోలాండ్ అనే వీరుడి కత్తి అని చెప్పి బండలో గుచ్చి ఉండేది ఒకటి ఉండేది, 2024 జూన్‌లో అది మాయమైంది. ఎవరో ఎత్తుకపోయినారనే అంటారు. పాత ఫోటోలు చూసి దాని కోసం వెతుక్కోవద్దు.

ఇంక తిండి. శాకాహారులకి కష్టం, ముందే చెప్తా ఉండా. ఆ పక్కంతా బాతు మాంసమే, సలాడ్ అని రాసినా దాంట్లో బాతు ముక్కలుంటాయి, అడిగి ఆర్డర్ ఇవ్వండి. ఊరి పేరుతోనే మేకపాల చీజ్ ఉంది, 35 గ్రాముల చిన్న బిళ్ల, మన బొబ్బట్టు ముద్దను అదిమినంత ఉంటుంది, వేడి బ్రెడ్ మీద వేస్తే కరిగి అంచుల్లోంచి కారతా ఉంటుంది, పైన వాల్‌నట్ పలుకులు. నేనైతే రెండుసార్లు తిన్నా. అమ్మకి అక్క కట్టిచ్చిన పులిహోర, పెరుగన్నం. మేం పోయిన ఒక రెస్టారెంట్‌లో 2:10కి వంటిల్లు మూసేశామని వెనక్కి పంపేసినారు, పెద్దావిడ ఉంది కూర్చోనన్నా కూర్చోనీయండి అన్నా ఒప్పుకోలేదు, అది మాత్రం మనసుకి కష్టం వేసింది. అక్కడ మధ్యాహ్నం 12 నుంచి 2 లోపల తినెయ్యాల, మళ్లీ రాత్రి 7కే.

రూములో ఏసీ ఉందని బుకింగ్‌లో రాసినారు, పోతే టేబుల్ ఫ్యాన్. తిరుపతి ఎండలు చూసినోళ్లకి ఇదొక లెక్కా అనుకున్నాం కానీ ఆ రాతి గోడలు సాయంత్రానికి బాగా కాగిపోతాయి, పదింటి దాకా వేడే. గుళ్లు పొద్దున 9 లోపల చూసెయ్యండి. మంచి చెప్పులు వేసుకోండి, రాళ్లు నున్నగా అరిగి జారతా ఉండాయి. ఆగస్ట్ 15 మేరీమాత పండగ, ఆ చుట్టుపక్కల రోజుల్లో అయితే జనం ఇంకా ఎక్కువని బావ అన్నాడు.

అయినా రాత్రి ఉండమనే చెప్తా. సాయంత్రం ఆరు దాటితే టూరిస్టు బస్సులన్నీ వెళ్లిపోతాయి, వీధిలో మన అడుగుల చప్పుడు మనకే వినపడుతుంది. జులైలో చీకటి పడేసరికి పది అవుతుంది. అప్పుడు పైన లోస్పితాలె అనే చోటికి పోయి చూడండి, ఎదురుగా కొండంతా దీపాలు. మన మేడ మీద నుంచి గాలిగోపురం దగ్గర నామాల లైట్లు చూసినట్టే ఉంటుంది. అమ్మ ఆ గోడ మీదే కూర్చోని, పదకొండైనా లేవలేదు. ఈసారి పెరటాసికి అలిపిరి నుంచి నడుస్తా, ఆగుతా ఆగుతా పోదాం, నువ్వు రెండ్రోజులు లీవు పెట్టు పాపా అనింది.