రాయదుర్గం: రైలెక్కాలా, బస్సెక్కాలా?

ఫోన్‌లో రాయదుర్గం అని కొడితే హైదరాబాద్ మెట్రో స్టేషన్ ముందుకొచ్చే అవకాశమే ఎక్కువ. కర్ణాటక సరిహద్దులో కొండ కింద ఉన్న మన అనంతపురం జిల్లా రాయదుర్గం రైల్వే కోడ్ ఆర్‌డీజీ. టికెట్ తీసేటప్పుడు దాన్ని చూసుకోండి.

అనంతపురం నుంచి వెళ్ళేవాళ్ళకు రైలు చుట్టుదారే. నేరుగా లైను లేదు, గుంతకల్లు, బళ్ళారి తిరిగి రావాలి. కళ్యాణదుర్గం మీదుగా రోడ్డు సుమారు 100 కిలోమీటర్లు కాబట్టి బస్సే మేలు. ఆధార్ చూపిస్తే మన రాష్ట్రం ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో టికెట్‌కు డబ్బు కట్టక్కర్లేదు. బళ్ళారి వైపు వెళ్ళే అంతర్రాష్ట్ర బస్సుల్లో మాత్రం ఆ ఉచితం చెల్లదు. కర్ణాటక బస్సుల ఉచితం ఆ రాష్ట్రం వాళ్ళకే. ఈ సంగతి తెలియక కండక్టర్‌తో వాదనకు దిగేవాళ్ళు సరిహద్దులో తరచూ కనిపిస్తారు.

కడప, కర్నూలు వైపు నుంచైతే రైలు కుదురుతుంది. కర్నూలు వాళ్ళు డోన్ మీదుగా, కడప వాళ్ళు మెయిన్ లైన్లో గుంతకల్లు చేరుకోవాలి. అక్కడ రైలు మారాల్సి వస్తే కనీసం రెండు గంటలు చేతిలో ఉంచుకోండి. విడివిడి టికెట్లతో వచ్చేవాళ్ళ కోసం ఏ రైలూ ఆగదు. ఈ లైన్లో రైళ్ళే తక్కువ, ఒకటి తప్పితే ఇక బళ్ళారి చేరి బస్సు పట్టుకోవడమే.

రాయదుర్గం దాటాక లైను రెండుగా చీలుతుంది. ఒకటి చిత్రదుర్గ మీదుగా చిక్కజాజూరుకు, రెండోది కళ్యాణదుర్గం వైపు. తుమకూరు దాకా పోవాల్సిన కొత్త లైనులో పూర్తయిన ముక్క ఇది. తిరుపతి–కదిరిదేవరపల్లి ప్యాసింజర్ నడిచేది దీనిమీదే. కాబట్టి ముందుకెళ్ళేవాళ్ళు పెట్టె మీది బోర్డు చదివాకే ఎక్కాలి. జనరల్ టికెట్ విషయంలోనూ జాగ్రత్త. ప్యాసింజర్ కనీస ఛార్జీ 10 రూపాయలు, ఎక్స్‌ప్రెస్‌కు 30. పది రూపాయల టికెట్‌తో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తేడాతో పాటు కనీసం 250 జరిమానా పడొచ్చు.

ఊళ్ళో చూడాల్సింది కోటే. కొండ ఎత్తు సముద్రమట్టానికి 2,727 అడుగులు. దశభుజ గణపతిని చూసుకుని పొద్దున్నే ఎక్కడం మొదలుపెట్టండి. పది దాటితే బండరాయి కాలుతుంది, పైన నీడ తక్కువ. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, పట్టున్న బూట్లు తప్పనిసరి. వాన పడ్డ రోజు రాళ్ళు జారతాయి, మానుకోవడమే మంచిది. రసవాదం చేసే సిద్ధులైన రససిద్ధుల గుహాలయాలు ఒక్కటి చాలు, ఎక్కిన శ్రమ తీరిపోతుంది.

దిగాక ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినాల్సిందే. బొరుగులు నానబెట్టి గట్టిగా పిండి, పుట్నాలపొడి చల్లిన ఉగ్గాని పొడిపొడిగా ఉండాలి. ముద్దకట్టిందంటే నీళ్ళు సరిగా పిండలేదన్నమాట, ఇంకో బండి చూసుకోండి. జీన్స్ కుట్టే ఊరు కదా, ప్యాంట్లు కొనేవాళ్ళు జిప్పు, లోపలి కుట్టు చూసి బేరమాడాలి. రాత్రి బసకు బళ్ళారి గానీ అనంతపురం గానీ నయం. ఇక్కడ లాడ్జీలో దిగాల్సి వస్తే గది, నీళ్ళు చూశాకే డబ్బు కట్టండి.