ఏడో తరగతి మొత్తం ఆన్‌లైన్ స్కూల్లో: మా ఇంట్లో ఒకలా, మా అక్క ఇంట్లో ఇంకోలా

ఏడాది పూర్తయ్యాకే రాద్దామని ఇన్నాళ్లూ ఆగాను. మా వాడు, మా అక్క కూతురు ఇద్దరూ ఏడో తరగతి ఒకే ఆన్‌లైన్ స్కూల్లో చదివారు, ఒకే సెక్షన్, అవే టీచర్లు. రేటింగ్ అడిగితే నేను ఐదుకి రెండు ఇస్తాను, మా అక్క ఐదుకి ఐదూ ఇస్తుంది, ఇద్దరి మాటా నిజమే. స్కూలు పేరు రాయడం లేదు. ఇలాంటివి చాలావరకు ఒకేలా నడుస్తాయి: రోజుకి మూడు నాలుగు లైవ్ క్లాసులు, మిగతావి రికార్డు చేసిన వీడియోలు, హోంవర్క్ పెట్టడానికి ఒక పోర్టల్, తల్లిదండ్రులకి వారానికో మెయిల్.

ఆ మెయిల్ దగ్గరే నేను మోసపోయాను. హాజరు 96 శాతం, హోంవర్కుల పక్కన వరసగా ఆకుపచ్చ టిక్కులు, పిల్లాడు బాగానే చదువుతున్నాడని రెండున్నర నెలలు నిశ్చింతగా ఉన్నాను. ఒక ఆదివారం ఏదో ప్రింట్ తీయాల్సి వచ్చి వాడి ల్యాప్‌టాప్‌లో సైన్స్ ఫోల్డర్ తెరిస్తే, మొదటి ఫైల్లో పైన పేరు, దాని కింద తేదీ, ఆ కింద ఏమీ లేదు. రెండోదీ అంతే. మొత్తం 14 ఫైళ్లు అలాగే ఉన్నాయి. ఖాళీ ఫైల్ పెట్టి సబ్మిట్ నొక్కినా పోర్టల్ టిక్కు పెట్టేస్తుంది, లింకు నొక్కి క్లాసులోకి వస్తే చాలు హాజరు పడిపోతుంది, ఆ తర్వాత కెమెరా ఆపేసి పక్క ట్యాబ్‌లో గేమ్ వీడియోలు చూస్తున్నా దానికి తెలియదు.

మొదట బాగా అరిచాను. రాత్రి పడుకునే ముందు వాడే వచ్చి చెప్పాడు: "మొదటి వారం ఒకటి అర్థం కాలేదమ్మా, అడుగుదామంటే అందరూ వింటారు, తర్వాత వారం ఇంకోటి అర్థం కాలేదు, ఇక ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియలేదు." పన్నెండేళ్ల పిల్లాడు రెండున్నర నెలలు ఆ టెన్షన్ ఒక్కడే మోశాడు. మామూలు క్లాసులో అయితే టీచర్ బెంచీల మధ్య నడుస్తూ మొదటి రోజే ఆ ఖాళీ పేజీ చూసేవారు. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే "సిస్టమ్‌లో అన్నీ సబ్మిట్ అయినట్టే ఉన్నాయి మేడమ్" అన్నారు, ఆ మాటకి నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

మా అక్క కూతురిది పూర్తిగా వేరే కథ. పాత బడిలో ఆ పాప ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడేదో లేదో, చెయ్యి ఎత్తితే అందరూ తిరిగి చూస్తారని భయం. ఇక్కడ చాట్‌లో టీచర్‌కి ఒక్కరికే కనబడేలా ప్రశ్న పంపొచ్చు. మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుందని ఒకే వారంలో ఐదుసార్లు అడిగిందట, ఐదుసార్లూ లెక్కల మేడమ్ ఓపిగ్గా చెప్పారు, చివరిసారి కాగితం మీద సంఖ్యారేఖ గీసి ఫొటో తీసి పంపారు. వీడియోని కావలసిన చోట ఆపుకుని మళ్లీ వినడం కూడా దానికి బాగా పనికొచ్చింది. ఆ మేడమ్‌కి మాత్రం నేను కూడా ఐదుకి ఐదు ఇస్తాను.

పిల్లల్ని బట్టి ఉంటుందని అందరూ అంటారు కానీ నాకు అది సగం మాటే అనిపిస్తుంది. మా అక్క ఇంట్లోంచే పని చేస్తుంది, పాప కూర్చునేది అదే టేబుల్‌కి ఆ చివర. నేను పొద్దున వెళ్తే సాయంత్రం వస్తాను. నాతో పనిచేసే ఒకావిడకి ముగ్గురు పిల్లలు, ఇంట్లో ఉన్నది ఒక్క ఫోన్, ఒకే టైముకి ఇద్దరికి క్లాసుంటే ఎవరిది మానిపించాలో ప్రతి రోజూ తేల్చుకోవాలి, ఆవిడకి మంచి స్కూలా కాదా అన్న ప్రశ్న దాకా వచ్చే వీలే లేదు. 2020లో బళ్లు మూతపడినప్పుడు యూనిసెఫ్ చెప్పిన లెక్క ప్రకారం ప్రపంచంలో 3 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో ప్రతి ముగ్గురిలో ఇద్దరికి ఇంట్లో ఇంటర్నెట్ లేదు.

పైగా ఈ వయసు వేరు. చిన్న క్లాసుల్లో చాలావరకు ఒకే టీచర్, ఇప్పుడు సబ్జెక్టుకో టీచర్, ఆరు ఫోల్డర్లు, ఆరు రకాల గడువులు. పనుల్ని వరస పెట్టుకునే మెదడు ముందు భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై దాటి ఇంకొన్నేళ్లు పడుతుంది. ఏడో తరగతి పిల్లవాడు తన టైమ్‌టేబుల్ తనే నడుపుకుంటాడని అనుకుని కట్టిన పద్ధతిలోనే లోపం ఉంది, వాణ్ణి బద్ధకస్తుడని తిట్టినందుకు నాకు చాలా బాధగా ఉంది.

తర్వాత కొన్ని మార్చాం. హోంవర్క్ నోట్‌బుక్‌లో రాసి ఫొటో అప్‌లోడ్ చేయాలి, నేను రాగానే ఇరవై నిమిషాలు ఆ నోట్‌బుక్ నాకు చూపించాలి. సెట్టింగ్స్‌లో వాడి ముఖం వాడికే కనబడకుండా చేశాను. మనల్ని మనమే అంతసేపు తెర మీద చూసుకోవడం వీడియో కాల్స్‌లో అలసటకి ఒక కారణమని స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జెరెమీ బైలెన్సన్ 2021లో రాశారు, మొటిమలు మొదలైన వయసులో అది ఇంకా ఎక్కువ కదా. అది మార్చాకే వాడు కెమెరా ఆన్ చేయడం మొదలుపెట్టాడు. లెక్కలు కోలుకున్నాయి, సైన్స్ ఇంకా కుంటుతూనే ఉంది.

చేర్పించాలనుకునేవాళ్లు డెమో క్లాసు చూసి మురిసిపోకండి, డెమో ఎప్పుడూ బాగానే ఉంటుంది. పిల్లాడు ఖాళీ హోంవర్క్ పెడితే ఎవరు చూస్తారు, ఎన్ని రోజుల్లో మీకు ఫోన్ చేస్తారు అని అడగండి, పేరుతో సహా జవాబు చెప్పలేకపోతే ఆ పని మీ మీదే పడుతుందని అర్థం చేసుకోండి. లైవ్ క్లాసులో ఎంతమంది ఉంటారో కూడా అడగాలి, మా సెక్షన్‌లో 38 మంది.

పాప అక్కడే కొనసాగుతోంది. మా వాణ్ణి మామూలు బడిలో చేర్పించాం. సెలవుల్లో ఆ 14 సైన్స్ హోంవర్కులూ ఇద్దరం కూర్చుని మొదటి నుంచి చేస్తున్నాం, నిన్నటికి తొమ్మిది అయ్యాయి.