పాత టీవీకి పాత గేములు: పర్లాకిమిడిలో చాన్నాళ్లు వాడాక

పాత గేమ్ కన్సోల్‌కి కావాల్సింది 21 అంగుళాల పిక్చర్ ట్యూబ్ టీవీ. ఆఫీసుల్లోంచి తీసేసిన కంప్యూటర్ మానిటర్ కాదు. పర్లాకిమిడి, గుణుపురం పాత సామాన్ల కొట్లలో మానిటర్ చవగ్గా దొరికితే గుంటలు బేగి ఎత్తుకుపోతారు, చిక్కంతా అక్కడే. ఈ కన్సోళ్లు పంపేది సుమారు 15.7 కిలోహెర్ట్జ్ సిగ్నల్, అంటే సెకనుకి దాదాపు 15,700 గీతలు. మామూలు వీజీఏ మానిటర్‌కి 31.5 ఉండాలి. మధ్యలో చవక ఏవీ-వీజీఏ డబ్బా పెడితే బొమ్మయితే వస్తుంది. కానీ అది 240 లైన్ల బొమ్మని 480 ఇంటర్లేస్డ్ (సరి, బేసి గీతల్ని రెండు విడతలుగా పంపే బొమ్మ) అనుకుంటుంది. కదిలే వాటి అంచులు దువ్వెన పళ్లలా చీలతాయి, బటన్ నొక్కాక కాస్త ఆగి గానీ బొమ్మ దూకదు. సెగా డ్రీమ్‌కాస్ట్ కన్సోల్ మాత్రం వేరు. వీజీఏ కేబుల్‌తో దాని ఆటల్లో చాలావరకు 480పీలో (480 గీతలూ ఒకే విడతలో) నేరుగా మానిటర్ మీదికి వస్తాయి, చూడముచ్చటగా ఉంటాయి.

టీవీ కొనేముందు మెనూలో కలర్ సిస్టమ్ చూడండి. ఆటో గానీ, ఎన్‌టీఎస్‌సీ 3.58 గానీ ఉండాలి. మన టీవీల రంగు పద్ధతి పాల్, బొమ్మ సెకనుకి 50 సార్లు (50 హెర్ట్జ్) వేస్తాయి. జపాన్, అమెరికా కన్సోళ్లది ఎన్‌టీఎస్‌సీ, 60 హెర్ట్జ్. ఎన్‌టీఎస్‌సీ రంగు పట్టని టీవీలో బొమ్మ నలుపు తెలుపుగా వస్తుంది. 60 కూడా పట్టకపోతే నిలవకుండా దొర్లుతూనే ఉంటుంది. పాల్ కన్సోల్‌కి ఈ గొడవ లేదు గానీ, 50కి సర్దని ఆటలు ఆరో వంతు నెమ్మదిగా నడుస్తాయి.

వెనక ఆకుపచ్చ, నీలం, ఎరుపు కాంపోనెంట్ జాక్‌లుంటే (బొమ్మని మూడు తీగల్లో విడదీసి తెచ్చేవి) ఆ టీవీని వదలొద్దు. పీఎస్2కి (ప్లేస్టేషన్ 2) ఇంతకన్నా మంచి దారి లేదు. పీఎస్1 డిస్కులు కూడా దాన్లోంచే 240 లైన్లతో శుభ్రంగా వస్తాయి. ముందు పసుపు తీగతోనే (మామూలు ఏవీ వీడియో తీగ) పెట్టి, సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో కాంపోనెంట్ వీడియో ఔట్‌ని ఆర్‌జీబీ నుంచి వై సీబీ సీఆర్‌కి మార్చండి. మార్చకపోతే రంగులన్నీ తప్పుతాయి, చాలామంది కేబుల్ పోయిందనుకుంటారు.

సెగా మెగా డ్రైవ్ కన్సోల్‌కి పసుపు తీగ వాడితే సన్నటి నిలువు గీతల మీద ఇంద్రధనుస్సు చారలు తప్పవు. అయినా నాకదే నచ్చుతుంది: చుక్కలు, గీతలతో వేసిన నీళ్లూ పొగా ఆ మసకలోనే కలిసి అసలైనవిగా కనిపిస్తాయి.

60 పిన్నుల క్యాసెట్ డబ్బాకి (నింటెండో ఫామికామ్ నకలు కన్సోల్) ఏవీ జాక్ ఉంటే యాంటెన్నా తీగ జోలికి పోకండి. దాని తుపాకికి ట్యూబ్ టీవీ ఉండి తీరాలి. ట్రిగ్గర్ నొక్కగానే తెర నల్లబడి కొట్టాల్సిన బొమ్మ ఉన్నచోట తెల్ల గడి మెరుస్తుంది, సెన్సర్ ఆ మెరుపుని అప్పటికప్పుడే పట్టాలి. 100 హెర్ట్జ్ టీవీలు బొమ్మని ముందు మెమరీలో వేసుకుంటాయి కాబట్టి వాటిమీద తుపాకి దండగ.

టీవీకి ఒక్కటే తెల్ల ఆడియో జాక్ ఉంటే ఎరుపు, తెలుపు తీగల్ని ఊరికే మెలిపెట్టకండి. ఒక్కోదానికి 1 కిలో ఓమ్ రెసిస్టర్ వేసి కలపండి. సూపర్ ఫామికామ్ (నింటెండో వారి జపాన్ కన్సోల్) అడాప్టర్ 100 వోల్ట్‌లది, 230లో నేరుగా పెడితే మాడిపోతుంది. బదులుగా 10 వోల్ట్ల డీసీ, కనీసం 850 మిల్లీయాంప్‌ల అడాప్టర్ తీసుకోండి. పిన్ మధ్యన నెగెటివ్ ఉండాలి.

టీవీకి స్టెబిలైజర్ పెట్టండి. మూలల్లో రంగు మరకలుంటే దగ్గర్లోని స్పీకర్ జరిపి, అరగంట ఆపి మళ్లీ వేస్తే డీగాస్ కాయిల్ (ట్యూబ్‌కి పట్టిన అయస్కాంతత్వాన్ని తీసే తీగచుట్ట) చాలావరకు తుడిచేస్తుంది. తడితే బొమ్మ వచ్చిపోతుంటే డ్రై సోల్డర్ (పట్టు విడిచిన టంకం) అయ్యుండొచ్చు, ఎల్‌ఓటీ (ట్యూబ్‌కి హై వోల్టేజ్ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) కాళ్ల దగ్గర వెతకమని మెకానిక్‌కి చెప్పండి. బొమ్మ ఎత్తు కుదించుకుపోతే వర్టికల్ సెక్షన్ కెపాసిటర్లు చూడమనండి. వానాకాలం తేమకి ట్యూబ్ మీది ఈహెచ్‌టీ (హై వోల్టేజ్) క్యాప్ దగ్గర చిటచిటలాడితే వెంటనే ఆపేయాలి. అక్కడ 20,000 వోల్ట్ల పైనే ఉంటుంది, ప్లగ్ పీకినా ట్యూబ్‌లో చార్జ్ నిలిచే ఉంటుంది, మూత మీరు తీయొద్దు.